గేరు నాది, మోకాలు మాస్టారిది

వచ్చేసిందండీ! ఉద్యోగం వచ్చేసింది! ముందు మా ఊరి సంగతులు నాలుగు చెప్పి, తర్వాత తీరిగ్గా ఈ కబురు చెబుదామనుకున్నాను గానీ నావల్ల కాలేదు. పొద్దున్న పదకొండు గంటలకి ఫోనొచ్చింది. ఇప్పుడు సాయంత్రం నాలుగైంది. ఇంకా అందరికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

మా వంశంలో కాలేజీకెళ్లి పట్టా పుచ్చుకున్నది నేనే మొదలు. మెకానికల్ ఇంజనీరింగు. ఇప్పుడు వచ్చిన ఉద్యోగం పూణె దగ్గర. అక్కడ కార్లని కావాలనే తీసుకెళ్లి గోడకేసి గుద్దిస్తారు. లోపల మనిషంత బొమ్మని కూర్చోబెట్టి, గుద్దిన తర్వాత ఆ బొమ్మ మెడకేమైంది, గుండెకేమైంది, మోకాలికేమైంది అని లెక్కలు తీస్తారు. ఆ లెక్కలు తీసేవాళ్లలో ఇక నేనూ ఒకదాన్ని. మా అమ్మకి చెబితే ఒక్క నిమిషం ఆలోచించి, "కొత్త కార్లనేనా? కాస్త పాతవి చూసి గుద్దుకోవచ్చు కదే!" అంది.

కార్లంటే నాకు చిన్నప్పట్నించీ పిచ్చి. ఇంట్లో కూర్చుని రోడ్డు మీద బండి చప్పుడు విని ఏ బండో, ఎన్నో గేర్లో ఉందో చెప్పేస్తాను. ఆ పిచ్చి చూసే ఉద్యోగం ఇచ్చేశారనుకుంటున్నారేమో. ఇవ్వలేదు. కంప్యూటర్లో రెండు ఇంటర్వ్యూలయ్యాక, అక్కడి పెద్ద మేడం నాకో పని పెట్టారు.

"పుస్తకంలో ఉన్నది నాకొద్దు. మీ ఊళ్లో జనం రోజూ బళ్లు ఎలా ఎక్కుతున్నారో మూడు రోజులు తిరిగి చూడండి. చూసింది చూసినట్టు రాసి పంపండి. దాన్ని బట్టే ఉద్యోగం" అన్నారు.

మా ఊరు నర్సీపట్నం. మూడు రోజులేటి, మూడు గంటల్లో ఒక నోట్సు నిండిపోద్ది. కానీ ఒక్కటే చిక్కు. మా నాన్న జీపు డ్రైవరు. నర్సీపట్నం నించి కొయ్యూరు, ఆ పైన కొండ ఊళ్లు. ఇరవై ఆరేళ్లుగా అదే దారి, అందరూ "జీపు సత్యం" అంటారు. కాయితాల ప్రకారం ఆ జీపులో పది మంది కూర్చోవాలి. నేను పుట్టాక ఏనాడూ పదిమందితో కదల్లేదు. నా పుస్తకాలు, హాస్టలు, పరీక్ష ఫీజులు అన్నీ ఆ పదకొండో మనిషి నించి వచ్చినవే.

చూసింది చూసినట్టు రాస్తే మొదట మా నాన్న గురించే రాయాలి. రాయకపోతే ఆ కాయితం అబద్ధం. అందుకని నేను చేసిన తెలివైన పనేటంటే, మూడు రోజుల్లో ఎక్కడా మా జీపు తగలకుండా దారి ప్లాను వేసుకోవడం. రెండు రోజులు గోవిందు మావయ్య పాత కారు, మూడో రోజు బస్సు. నాన్న మాత్రం "నువ్వు లైసెన్సు తీసి ఆరు నెల్లు కాలేదు, ఒక్కదాన్నీ పంపను" అని రెండు రోజులు జీపు ఆపేసి నా పక్కన కూర్చున్నారు.

నాతవరం రోడ్డు: కొబ్బరికాయ ఎగిరిన సంగతి

మొదటి రోజు తుని వైపు బయల్దేరాం. ఊరు దాటకుండానే గొడవ.

"బెల్టు పెట్టుకో నాన్నా."

"ఏటే? నీ డ్రైవింగు మీద నీకే నమ్మకం లేదా?"

ఇది మా వైపు చాలామంది మాట. డ్రైవరు పక్కన కూర్చుని బెల్టు పెట్టుకోవడమంటే, చుట్టాలింటికి భోజనానికెళ్లి కంచంలో రాళ్లేరినట్టు. ఎదుటివాళ్లకి అవమానం. పట్నాల్లో పోలీసుని చూసి పెట్టుకుంటారు. ఇక్కడ పోలీసాయన కనిపిస్తే నమస్కారం పెడతారు, బెల్టు పెట్టుకోరు.

దారిలో ఒక లగేజీ ఆటో ఎదురైంది. వెనక తొట్టెలో జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్లే ఆడవాళ్లు, అందరూ నిలబడే ఉన్నారు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని. టీ కొట్టు దగ్గర ఆగితే నేనూ ఆగి, ఒకావిడని అడిగాను, కూర్చోవచ్చు కదండీ అని. ఆవిడ నా నోట్సు కేసి, నా మొహం కేసి చూసి నవ్వారు.

"కూకుంటే ఎనిమిది మందిమే పడతాం పాపా. నిలబడితే ఇరవై మందిమి. పని ఎనిమిది మందికే కావాలా ఏటి?"

నేను చదివిన పుస్తకాల్లో ఈ లెక్క లేదు. రాసుకున్నాను.

నాతవరం దగ్గర ఒక గేదె మాకు చెప్పకుండా రోడ్డెక్కేసింది. గట్టిగా బ్రేకు కొట్టాను. పెద్ద స్పీడేం కాదు, నలభై ఉంటుంది. కారు ఆగింది, గేదె తాపీగా వెళ్లిపోయింది. కానీ వెనక అద్దం దగ్గర మావయ్య ఎప్పుడూ ఉంచే పూజ కొబ్బరికాయ ఆగలేదు. నాకూ నాన్నకీ మధ్యలోంచి రయ్యిమని వచ్చి డాష్‌బోర్డుకి కొట్టుకుని రెండు చెక్కలైపోయింది. నీళ్లు నాన్న చొక్కా మీద.

నాన్న చెక్కలు రెండూ ఏరి చూశారు. "మంచిదే, దిష్టి పోయింది" అన్నారు. ఓ చెక్క నా చేతిలో పెట్టారు. ఇద్దరం కొబ్బరి తింటూ రెండు కిలోమీటర్లు వెళ్లాం. అప్పుడు నాన్న మెల్లిగా అడిగారు.

"ఏదీ, ఆ బెల్టు ఎక్కడ గుచ్చాలే?"

ఇరవై ఆరేళ్ల డ్రైవరు. బెల్టు ఎక్కడ గుచ్చాలో నన్నడిగారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, చూపించాను.

పాయకరావుపేట: బెల్టుని మోసం చేసే క్లిప్పు

తుని ఊరు దాటి తాండవ వంతెన ఎక్కి దిగితే పాయకరావుపేట. హైవే పక్కన హోటల్లో ఉప్మా పెసరట్టు ముప్పై ఐదు. మా నర్సీపట్నంలో ముప్పయ్యే, పైగా అల్లం పచ్చడి అడిగినంత వేస్తారు. ఇక్కడ రెండోసారి అడిగితే సర్వరు నా ప్లేటు కాకుండా నా మొహం చూశాడు.

హోటల్ పక్కనే కార్ల సామాన్ల కొట్టు. సీటు కవర్లు, బొమ్మలు, సెంటు సీసాలు, ఊగే దేవుళ్లు. ఒక అట్టకి వేలాడుతూ చిన్న చిన్న ఇనప నాలికలు. కొట్టాయన్ని అడిగాను, ఇవేటండీ అని.

"బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్ కుయ్ మంటాది కదండీ. ఇది గుచ్చేస్తే నోరు మూసుకుంటాది. బెల్టు పెట్టుకున్నారనే అనుకుంటాది."

"కారు అనుకుంటుంది సరే, గుద్దితే మన తల కూడా అలాగే అనుకుంటుందాండీ?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. చాలా ఓపిగ్గా చెప్పారు. "అమ్మాయిగారూ, నేను అమ్మేవాణ్నే, పెట్టుకునేవాణ్ని కాదండి. నా బండిలో బెల్టే పెట్టుకుంటాను. ఇవి కొనేది పెద్ద కార్లోళ్లు. బెల్టుకి చొక్కా ఇస్త్రీ నలుగుద్దంట."

ఒకటి కొన్నాను, ఎనభై రూపాయలు. చూపించడానికి. తిరిగొస్తుంటే నాకు ఒకటే ఆశ్చర్యం. హైవే మీద ఒక్క మనిషి కోసం అయిదు సీట్లు, అయిదు బెల్టులు, ఆరు ఎయిర్‌బ్యాగులు. ఆ మనిషి వాటిని మోసం చెయ్యడానికి ఎనభై రూపాయలు పెట్టి క్లిప్పు కొంటున్నాడు. ఫ్యాక్టరీ ఆవిడకి మోసం చెయ్యడానికైనా ఒక బెల్టు లేదు.

నాన్న కిటికీలోంచి చూస్తూ, "రేపు కొయ్యూరే కదా?" అన్నారు. "ఎల్లుండి బస్సా?"

"బస్సే నాన్నా."

"ఊఁ" అన్నారు. నా ప్లాను ఆయనకి తెలిసిపోయిందని నాకు ఆ "ఊఁ" లోనే తెలిసింది.

కొయ్యూరు: మామ్మ అడిగిన తాడు

రెండో రోజు గొలుగొండ, కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు. సీతాఫలాల కాలం. రోడ్డు పక్కన ఆడవాళ్లు గంపలు పెట్టుకుని కూర్చున్నారు. కింద నర్సీపట్నంలో ఒక్కో పండు లెక్కన అమ్ముతారు. ఇక్కడ గంప ఎంత అంటే, "నీకెన్ని కావాలో తీసుకుని నువ్వే సెప్పు" అంటారు. ఆ బేరం నాకు రాదు. నాన్నే తేల్చారు.

కొండ మీద జనానికి బండి ఆపే పద్ధతి వేరు. కింద మేం చెయ్యి అడ్డంగా ఊపుతాం. ఇక్కడ అరచెయ్యి కిందకి పెట్టి, కోడిపిల్లని నిమిరినట్టు మెల్లిగా ఆడిస్తారు. అది చూసి డ్రైవరు ఆపాలి. తిరిగి కిందకి దిగుతుంటే, నాకు తెలీక ఒకరిని దాటేసి వెళ్లిపోతే నాన్న, "ఎనక్కి తియ్యి, మామ్మ సెయ్యి ఊపింది" అన్నారు.

ఆవిడ పేరు లచ్చమ్మ. డెబ్భై దాటి ఉంటాయి. కృష్ణదేవిపేటలో కూతురింటికి గంపెడు సీతాఫలాలతో బయల్దేరారు. గంప తన పక్కనే పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. నాన్న మెడ పక్క నించి దిగిన బెల్టుని కాసేపు పరీక్షగా చూశారు.

"ఆ తాడేటి బాబూ?"

నాన్న కాస్త సిగ్గుపడ్డారు. "ముందుకి పడిపోకుండా మామ్మా."

"మరి నాకో?"

"ఎనకాల అక్కర్లేదు మామ్మా."

"ఏం? ఎనకాల కూకుంటే పడనా? సంతకి మేకని తీసుకెళ్తేనే తాడు కడతాం. నేను మేక కంటే తక్కువా ఏటి?"

కారు ఆపేశాను. ఆవిడ అడిగింది న్యాయమే. పైనుంచి బెల్టు లాగితే వచ్చింది, కానీ గుచ్చే బకిలు ఎక్కడా లేదు. వెతగ్గా వెతగ్గా తెలిసిందేటంటే, మావయ్య కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు కొట్టువాళ్లు నున్నగా అందంగా ఉండాలని బకిళ్లన్నీ కవరు కిందకి తోసేసి కుట్టేశారు. మూడేళ్లుగా ఆ కారులో వెనక కూర్చున్నవాళ్లెవరికీ అవి లేవన్న సంగతే తెలీదు. ఎవరూ అడగలేదు మరి. అడగడానికి లచ్చమ్మ మామ్మ రావాల్సొచ్చింది.

ఆవిడ గంపలోంచి చిన్న కత్తి తీసి నా చేతికిచ్చారు. మావయ్యకి ఫోను చేశాను.

"మావయ్యా, వెనక సీటు కవరు కాస్త కోస్తున్నానండి."

"ఓలమ్మో! కోసీకే! నాలుగేలు పెట్టి ఏయించానే!"

అప్పటికే కోసేశాను. లోపలినించి బకిలు వచ్చింది, దాంతో పాటు వేరుశనగ తొక్కలు, ఒక అయిదు రూపాయల బిళ్ల, ఒక బంగారు దుద్దు.

"మావయ్యా, అత్తయ్య దుద్దొకటి దొరికింది."

ఆ దుద్దు పోయినప్పుడు అత్తయ్య రెండు రోజులు అన్నం మానేసింది. మావయ్య గొంతు సవరించుకున్నారు.

"అయితే ఆ రెండో పక్క కూడా కోసి సూడు. నా పెన్‌డ్రైవొకటి కనబళ్లేదు."

బెల్టు గుచ్చాక లచ్చమ్మ మామ్మ దాన్ని రెండు సార్లు లాగి చూసుకుని, కుర్చీలో కలెక్టరుగారు కూర్చున్నట్టు కూర్చున్నారు. చెంబులో తెచ్చుకున్న చోడి అంబలి, అదే రాగి జావ, నాకూ ఓ గ్లాసు పోశారు. కొంచెం పులుపు, కొంచెం మజ్జిగ, ఒక ఉల్లిపాయ ముక్క. ఇంట్లో అమ్మ చేసేదాని కంటే చిక్కన. కూతురి ఇంటి ముందు దిగేటప్పుడు ఛార్జీ బదులు నాలుగు పళ్లు నా ఒళ్లో పెట్టి, నాన్నకేసి తిరిగారు.

"నువ్వు జీపు సత్యానివి కదూ? నీ జీపులో ఈ తాళ్లు లేవు బాబూ. పోయిన సంతకి నీ జీపు టాపు మీద కూకునే వచ్చాను."

నాన్న మొహం ఎర్రబడిపోయింది. "టాపు మీదా? నువ్వా? ఎవరెక్కించారు మామ్మా నిన్ను?"

"ఎవరెక్కిస్తారు? లోపల బాలింత ఎక్కింది, సోటు లేదు. నేనే పాకీసేను." ఆవిడ నాన్న మొహం చూసి జాలిపడి, భుజం తట్టారు. "పర్లేదులే బాబూ. టాపు మీద గాలొస్తాది."

తిట్టినా బాగుండేది.

నర్సీపట్నం దాకా నాన్న ఆ బెల్టు పట్టీ పట్టుకునే కూర్చున్నారు. ఇంటి ముందు బెల్టు తీస్తూ అన్నారు. "రేపు బస్సెక్కకు. సంత రోజు. నా జీపెక్కు."

సంత జీపు

ఇక్కడ ఆ జీపు సంగతి మీకు కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ముందు వరసలో నాన్నతో కలిపి అయిదుగురు. నాన్నకి ఎడం పక్క ముగ్గురు, కుడిపక్క, అంటే తలుపు వైపు, ఇంకొకరు. మధ్యలో కూర్చున్నవాళ్లకి గేరు రాడ్డు రెండు మోకాళ్ల మధ్య ఉంటుంది. నాన్న చెయ్యి అక్కడిదాకా రాదు. అందుకని క్లచ్ నొక్కి "రెండు" అంటారు, మధ్యలో మనిషి రెండో గేరు వేస్తారు. నేను తొమ్మిదో ఏట ఆ సీట్లోనే గేర్లు నేర్చుకున్నాను. "మూడు", "రెండు", "మళ్లీ మూడు". కాలేజీలో గేర్ బాక్సు పాఠం చెబుతుంటే నాకు నాన్న గొంతే వినిపించేది.

కుడిపక్క సీటు గౌరవం సీటు. పదకొండేళ్లుగా అది పోస్టు మాస్టారిది. కొండ మీద ఊళ్లో పోస్టాఫీసు, ఇల్లు నర్సీపట్నంలో. ఆ సీట్లో ఒక డ్యూటీ ఉంది. కుడివైపు మలుపు వస్తే స్టీరింగు తిప్పడానికి ఆయన మోకాలు అడ్డం. నాన్న "మోకాలు!" అనగానే ఆయన మోకాలు పైకెత్తాలి. మలుపు అయ్యాక దించాలి. "నా మోకాలే ఈ జీపుకి పవర్ స్టీరింగు" అని మాస్టారు అందరికీ చెప్పుకుంటారు.

ఆ రోజు నేను నా పాత సీట్లో కూర్చున్నాను. మాస్టారు తెగ సంబరపడ్డారు.

"ఇంజనీరమ్మ గేరా ఇవాళ! సత్యం, ఇక జీపు విమానమే!"

"టికెట్టు పెంచుతాడేమో సూడండి మాస్టారూ" అని వెనకనించి ఎవరో.

"రెండు" అన్నారు నాన్న. నా చెయ్యి నన్నడక్కుండానే వేసేసింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టల వాసన, డీజిలు వాసన, వెనక కోళ్ల గోల. నోట్సు తియ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు.

కొయ్యూరు దాటి పైకెక్కుతున్నాం. కుడివైపు మలుపు. ఎడం పక్క లోయ. ఎదురుగా ఒక మోటారు సైకిలు.

"మోకాలు!"

మోకాలు లేవలేదు. మాస్టారు ఫోన్లో మనవరాలి ఫోటో చూస్తున్నారు. స్టీరింగు సగం తిరిగి ఆగిపోయింది. జీపు తిరగాల్సిన చోట తిరక్కుండా తిన్నగా లోయ వైపు వెళ్తోంది. నాన్న బ్రేకు మీద నిలబడ్డారు. నేను అద్దం మీదకి వెళ్లిపోయి, రెండు చేతులూ అడ్డం పెట్టి ఆగాను. ఎడం చక్రం కింద నించి రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపించింది, కిందకి, ఇంకా కిందకి. జీపు ఆగింది.

ఒక్క క్షణం కోళ్లు కూడా అరవలేదు.

అప్పుడు టాపు మీద నించి ఎవరో, "ఏటి సత్యం, టీకి ఆపేవా?" అన్నారు. అందరూ గొల్లున నవ్వేశారు. మాస్టారు కూడా నవ్వారు, కానీ ఫోను జేబులో పెట్టుకోవడానికి మూడు సార్లు జేబు వెతుక్కున్నారు. నాన్న నవ్వలేదు.

"అందరూ దిగండి. మలుపు దాకా నడవండి" అన్నారు.

దిగుతుంటే లెక్కపెట్టాను. ముందు నించి, వెనక నించి, పక్కల నించి. లోపలివాళ్లు పద్దెనిమిది మందని తేలేసరికే కళ్లు నీళ్లతో మసకబారిపోయాయి. టాపు మీదవాళ్లని లెక్కపెట్టనే లేదు.

నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు ఎదర టీ కొట్టు

మధ్యాహ్నం మూడింటికి దిగొచ్చాం. నాన్న రెండు టీలు, నాలుగు బజ్జీలు చెప్పారు. నేను ఫోన్లో టైపు చెయ్యడం మొదలుపెట్టాను. ఫ్యాక్టరీ ఆవిడ లెక్క రాశాను. ఎనభై రూపాయల క్లిప్పు రాశాను. సీటు కవర్ల కింద బకిళ్లు, లచ్చమ్మ మామ్మ మేక. అన్నీ రాశాను. బాగానే వచ్చింది.

"సదువు" అన్నారు నాన్న. ఆయన అయిదో క్లాసు. నేను ఏది రాసినా చిన్నప్పట్నించీ పైకి చదివించుకుంటారు.

చదివాను. బజ్జీ చల్లారిపోయింది, ఆయన ముట్టుకోలేదు. చివరిదాకా విని, "అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయింది."

"మోకాలేదే?"

నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.

"గేరేది? టాపు ఏది? నిన్న మామ్మ నన్ను అడిగింది రాశావు, ఇయ్యాల నీ కళ్ల ముందు జరిగింది రాయలేదేం?"

"అది రాస్తే నిన్ను రాసినట్టే నాన్నా. ఆ జీపే లేకపోతే నేను ఈ కాయితం రాసేదాన్నా?"

"అందుకే రాయి." ఆయన టీ గ్లాసు కేసి చూస్తూ మాట్లాడారు. "నీ తొమ్మిదో ఏట నించీ నిన్ను ఆ మద్దెలో కూకోబెట్టి గేర్లేయించాను. నా కూతురికి గేర్లొచ్చని ఊరందరికీ సెప్పుకున్నాను. నీ ముందు అద్దం తప్ప ఏటీ లేదు. మొన్న గేదె అడ్డొచ్చినప్పుడు కొబ్బరికాయ ఎలగెళ్లిందో సూసేం కదా. అప్పట్నించీ నిద్దర్లేదే నాకు. రాయి."

రాశాను. అక్కడే కూర్చుని రాశాను. మోకాలు, గేరు, లోయ, రాళ్ల చప్పుడు. పేరు రాయలేదు. మళ్లీ పైకి చదివాను. "ఒక జీపులో పద్దెనిమిది మంది" అన్న దగ్గర నాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"పద్దెనిమిది కాదు. ఇరవై రెండు. టాపు మీదోళ్లని లెక్కపెట్టలేదు నువ్వు. దిద్దు."

దిద్దాను. పంపించాను. ఇద్దరం చల్లారిన బజ్జీలు తిన్నాం.

ఇవాళ పొద్దున్న మేడం ఫోను. "ఈ మోకాలు సంగతి నేనెక్కడా చదవలేదమ్మా. ఆ జీపు డ్రైవరు మీకు తెలుసా?" అన్నారు.

"మా నాన్నండి."

"ఇది ఆయన చూశారా?"

"చదివించుకున్నారండి. పద్దెనిమిదిని ఇరవై రెండుగా దిద్దింది ఆయనేనండి."

"అయితే వచ్చి చేరండి" అన్నారు మేడం. "ఆయనకి నా నమస్కారం చెప్పండి."

చెప్పాను. నాన్న జీపు తుడుస్తున్నారు. గుడ్డ భుజాన వేసుకుని, "పూణెలో ముందు ఏ కారు గుద్దుతారంట?" అని అడిగారు. అంతే. తర్వాత జీపు చుట్టూ ఒక రౌండు తిరిగొచ్చి, తన కబురు చెప్పారు. సోమవారం నించి పొద్దున్న ఒకటి కాదు, రెండు ట్రిప్పులు. ఆరున్నరకి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి. టాపు మీద ఎవరూ ఎక్కరు. డ్రైవరు కుడిపక్క ఎవరూ కూర్చోరు. గేరు డ్రైవరే వేసుకుంటాడు. లోపల ఎంతమంది అంటే, "పది అని మాటివ్వలేనే, తగ్గించుకుంటూ వస్తాను" అన్నారు. డీజిలు సంగతేంటి నాన్నా అంటే, "నీ సదువైపోయింది కదా" అన్నారు.

"కానీ అందరికీ నువ్వే ఫోన్లు సెయ్యి. ఉద్యోగం కబురుతో కలిపి సెబితే తిట్టరు."

ఇంకా ఫోన్లు చెయ్యాల్సినవాళ్లు

హాస్టల్లో నా రూమ్మేటు. నేను కార్ల గురించి మాట్లాడుతుంటే నాలుగేళ్లు దుప్పటి ముసుగేసుకుని పడుకుంది పాపం.

గోవిందు మావయ్య. ఉద్యోగం కబురు ఆయనకి అమ్మ చెప్పేసింది. పెన్‌డ్రైవు దొరకలేదని నేను చెప్పాలి.

పాయకరావుపేట కొట్టాయన. నంబరు రసీదు మీద ఉంది. ఆ క్లిప్పు నాతో పూణె వస్తోందని చెప్పాలి. సీటు కవర్లు కుట్టేటప్పుడు బకిళ్లు పైకి ఉంచమని కూడా.

లచ్చమ్మ మామ్మకి ఫోను లేదు. కృష్ణదేవిపేటలో కూతురి నంబరు నాన్న కనుక్కున్నారు. సోమవారం నించి జీపులో ఆవిడకి లోపల సీటుందని, బాలింత ఎక్కినా సరేనని చెప్పాలి.

ఎనిమిదింటి ట్రిప్పుకి మారాల్సిన పన్నెండు మంది. లిస్టు నాన్న చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఎవరు ఆలస్యంగా లేస్తారో ఆయనకి తెలుసు.

పోస్టు మాస్టారు. ఈయనకి మూడు సార్లు నంబరు నొక్కి కట్ చేశాను. పదకొండేళ్ల గౌరవం సీటు. నాన్న నాకు చెయ్యమంటారు, నేను నాన్నని చెయ్యమంటాను. చివరికి ఏం చెప్పాలో ఇద్దరం కూర్చుని అనుకున్నాం. మాస్టారూ, ఉద్యోగం వచ్చిందండీ అని ముందు చెబుతాను. ఆయన సంబరపడతారు. అప్పుడు చెబుతాను, ఆరున్నర జీపులో నాన్న వెనక వరసలో కిటికీ పక్క సీటు మీ కోసమే ఉంచారండీ, ఎంతసేపైనా మనవరాలి ఫోటోలు చూసుకోండి, ఇకనించీ మీ మోకాలిని ఎవరూ పిలవరు అని.